ఇస్లామీయ నగర భావన – నీటి ప్రశ్న

ముస్లిం నగరాన్ని గూర్చి గత శతాబ్దంలో పాశ్చాత్య ప్రాచ్యవేత్తలు వ్రాసిన వ్యాసాలను, గ్రంథాలను ఒకచోట చేర్చితే ఒక పెద్ద అలమారా నిండుతుంది. జామియా మసీదు ఎక్కడ ఉండేది, దాని ప్రక్కన ఏ వర్తకులు కూర్చునేవారు, తోళ్ళు ఊనేవారిని ఊరి అంచుకు ఎందుకు పంపేవారు, వీధులు ఎందుకు వంకర తిరిగినవి అన్న విషయాలు వాటిలో సవిస్తరంగా ఉన్నవి. ఆ వంకర వీధిలో కాపురమున్న ఒక బీద కుటుంబానికి రోజూ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చేవి, ఎవరు మోసేవారు, అందుకు ఏమి ఇచ్చుకోవలసి వచ్చేది అన్న విషయం మాత్రం వెతికి పట్టుకోవలసిందే. కైరో నగరపు నీళ్ళమోతగాళ్ళను గూర్చి ప్రత్యేకంగా పరిశోధించిన ఆంద్రే రేమాన్ వంటివారు లేకపోలేదు. కాని వారి పరిశోధన 'ఇస్లామీయ నగరం' అంటే ఏమిటి అన్న నిర్వచనంలోకి ప్రవేశించలేదు. నీరు ఒక వివరంగానే మిగిలిపోయింది.

ఈ లోపం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి శ్రీమతి జానెట్ అబూ-లుఘోద్ 1987లో ప్రకటించిన వ్యాసంతో ఆరంభించడం మంచిది. ఇస్లామీయ నగర భావనపై వెలువడిన విమర్శలలో అంతకంటె పదునైనది అరుదు. ప్రాచ్యవేత్తల వాదాన్ని ఆమె హదీసు శాస్త్రంలోని ఇస్నాద్‌తో పోల్చినది. ఒకరు చెప్పినది మరొకరు, వారు చెప్పినది ఇంకొకరు ఉల్లేఖించుకుంటూ పోగా ఒక గొలుసు ఏర్పడింది. 1928లో విలియం మార్సే ఇస్లాం స్వభావతః పట్టణ జీవనాన్ని కోరే మతమని వ్రాసినాడు. ఆయన సోదరుడు జార్జ్ మార్సే నగర స్వరూపాన్ని వర్ణించినాడు. 1947లో బ్రున్‌ష్విగ్ దానికి ధర్మశాస్త్రపు ఆధారాలు చేర్చినాడు. 1955లో ఫాన్ గ్రూనెబౌం వీటన్నింటినీ కలిపి 'ముస్లిం పట్టణ నిర్మాణం' అనే ఒక సమగ్ర చిత్రం గీసినాడు. చదువరికి ఇది నలుగురు సాక్షుల మాటగా కనిపిస్తుంది. వెనక్కు నడిచి చూస్తే మూలంలో ఉన్నవి ప్రధానంగా ఉత్తర ఆఫ్రికాకు చెందిన ఫెజ్ వంటి కొద్ది నగరాలు మాత్రమే.

ఈ పోలిక చమత్కారానికి చెప్పినది కాదు. హదీసు పండితులకు ఇది బాగా తెలిసిన దోషమే. గొలుసు చివర ఎంతమంది రావీలు ఉన్నప్పటికీ, పైన ఏదో ఒక అంతస్తులో ఒక్కడే మిగిలితే ఆ వార్త ఖబరె వాహిద్ అవుతుంది, ముతవాతిర్ కాజాలదు. అటువంటి వార్తను పూర్తిగా త్రోసిపుచ్చనక్కరలేదు కాని, దానిపై విశ్వాస సిద్ధాంతాన్ని కట్టరు. ప్రాచ్యవేత్తలు సరిగ్గా ఆ పనే చేసినారు. ఫెజ్‌లో చూసినదాన్ని బాగ్దాదుకు, ఇస్ఫహాన్‌కు, దిల్లీకి అంటగట్టినారు.

పాత చిత్రాన్ని తుడిచిన తరువాత ఆమె మూడు అంశాలను నిలిపినది. ఉమ్మత్‌కు చెందినవారికి, చెందనివారికి మధ్య న్యాయపరమైన భేదం ఉండడం, దానివలన వేరువేరు మొహల్లాలు ఏర్పడడం మొదటిది. స్త్రీ పురుషుల మధ్య పర్దా, దానివలన ఇంటి నిర్మాణంలోను వీధిలోను వచ్చిన మార్పులు రెండవది. స్థలం మీది హక్కులను పాలకుడు ముందుగా శాసించక, ఇరుగు పొరుగు వివాదపడినప్పుడు ఖాజీ తీర్పుకు వదలిపెట్టే న్యాయవిధానం మూడవది. ఈ మూడూ కలిసి పనిచేయగా నగరం రూపొందుతుందే తప్ప, ఒక అచ్చులో పోసి తీసినట్లు రాదని ఆమె నిర్ధారణ.

మూడింటిలో మూడవదే బలమైనది. పొరుగువాని గోడ మీద దూలం ఆనించవచ్చునా, వీధిపైకి చూరు ఎంతవరకు చాపవచ్చును, కొత్త కిటికీ పక్కింటి ఆడవారి ముంగిలిపై తెరుచుకుంటే ఏమి చేయాలి అన్న ప్రశ్నలతో ఫిఖ్హ్ గ్రంథాలలో పుటలకు పుటలు నిండి ఉన్నవి. వీధి వంకర కావడానికి కారణం అరాచకం కాదని, అది అనేక చిన్న తీర్పుల మొత్తమని ఆమె గ్రహించినది. ఈ ఒక్క మాట చేతనే ఆ వ్యాసం చిరకాలం చదవదగినది.

కాని పొరుగువారి మధ్య తేలే వ్యవహారాలకే ఈ న్యాయం సరిపోతుంది. నీరు అటువంటిది కాదు. నదినుంచి, దూరపు చెరువునుంచి, కొండకాలువనుంచి నగరంలోకి నీటిని తేవాలంటే పెట్టుబడి కావాలి, అధికారం కావాలి, ఎందరి భూముల మీదుగానో కాలువ పోవాలి. దానిని ఇద్దరు పొరుగువారు ఖాజీ ముందు నిలబడి తేల్చుకోలేరు. ఆ స్థానంలోకి పాలకుని ఆజ్ఞ గాని, ధనవంతుని వక్ఫు గాని వస్తుంది. అనగా నగరంలో అసమానత నిర్ణయమయ్యే చోట ఆమె చెప్పిన మూడు అంశాలలో ఏదీ పనిచేయదు. నీటి పంపకం ఆ నిర్వచనానికి వెలుపల నిలబడిపోయింది.

ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్న లేదనుకుంటే పొరపాటు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరికీ ఉమ్మడివన్న భావంగల హదీసు సుప్రసిద్ధం. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (ర) కొని ముస్లింలందరికీ విడిచిపెట్టిన వృత్తాంతం పిల్లలకు సైతం తెలుసు. హారూన్ రషీద్ భార్య జుబైదా మక్కాకు త్రవ్వించిన కాలువ ఆమె పేరుతోనే నిలిచింది. అయితే కథలను దాటి ఫుఖహా సూక్ష్మ విభజనను చూడవలసి ఉన్నది. భారతదేశపు మదర్సాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథమైన మర్గీనానీ 'హిదాయా' నీళ్ళను అనేక తరగతులుగా విభజిస్తుంది. సముద్రం, మహానదులు అందరివీ. పాత్రలో పట్టి ఉంచుకున్న నీరు పట్టినవాని సొంతం. ఈ రెంటికి నడుమ ఉన్నవి బావులు, చెరువులు, కొందరి వాటాగా ఉన్న కాలువలు. వీటిలో ఇతరులకు ఉన్నది షఫా హక్కు, అనగా మనిషీ పశువూ దప్పిక తీర్చుకునే హక్కు. వుజూకు, బట్టలు ఉతకడానికి, కుండతో ఇంటికి మోసుకుపోవడానికి కూడా ఇది విస్తరిస్తుంది. కాని ఆ బావినుంచి తన తోటకు కాలువ తీసుకునే హక్కు, అంటే షిర్బ్, యజమాని అనుమతి లేనిదే రాదు.

సంక్షేపంగా చెప్పాలంటే కుండకు హక్కు ఉన్నది, కాలువకు లేదు. ఎడారిలోను పల్లెలోను ఇది ఎంతో ఉదారమైన న్యాయం. దప్పికతో వచ్చినవానిని ఎవరూ వెళ్ళగొట్టజాలరు. పదిమంది గుమిగూడిన నగరంలోకి వచ్చేసరికి దీని అర్థం మారుతుంది. కుండను ఎవరో ఒకరు మోయాలి. మోసేది ఇంటి ఆడది, లేదా బానిస, లేదా కూలికి వచ్చే భిష్తీ. కాలువ మాత్రం దానిని తెప్పించుకోగలిగినవాని హమ్మాముకు, హౌజుకు, పూలతోటకు తానే నడిచి వస్తుంది.

కైరో సబీళ్ళు దీనికి చక్కని దృష్టాంతం. క్రింద జాలీ కిటికీలోంచి బాటసారికి నీళ్ళు, పైన అనాథ బాలలకు ఖుర్ఆన్ బడి ఉండే ఆ కట్టడాలు చూపరులను ఆకట్టుకుంటవి. 1744లో అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా కట్టించినది నేటికీ నిలిచి ఉన్నది. నైలు పొంగు కాలంలో ఒంటెల మీద తోలుసంచులతో నీరు తెచ్చి సబీలు క్రింద త్రవ్విన భూగర్భ తొట్టిలో నింపేవారు. వక్ఫు ఆదాయంనుంచి ఆ ఖర్చు, సేవకుని జీతం నడిచేవి. దాతలకు పుణ్యం, దాహార్తులకు నీరు లభించినవి. తెలుగునాట చలివేంద్రం ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. అయితే ముస్లిం రచయితలలో అనేకులు ఈ సబీళ్ళను చూపించి, ఇస్లామీయ నగరంలో నీటికి పేద ధనిక భేదం లేదని వ్రాస్తుంటారు. ఈ వాదం నిలువదు. సబీలు ఇచ్చినది గుక్కెడు నీరు. వంటకు, స్నానానికి, పసిబిడ్డల గుడ్డలకు కావలసిన నీటిని సఖ్ఖా వద్ద కొనవలసిందే. ఇల్లు నదికి ఎంత దూరమైతే వెల అంత పెరిగేది. ప్రాచ్యవేత్త సబీలును వాస్తుశిల్పంగా చూసినాడు. స్వజనాభిమాని దానిని సామాజిక న్యాయంగా చూసినాడు. వీధిలో దప్పిక తీరినవాడు ఇంటికి వెళ్ళి ఏమి చేసినాడన్నది ఇద్దరూ అడుగలేదు.

గొట్టపు నీరు వచ్చినప్పుడు ఈ పాత భేదం క్రొత్త రూపం ధరించింది. ఈజిప్టులో ఖదీవ్ ఇస్మాయిల్ పాలనలో 1865లో కైరో నీటి సరఫరా ఒక కంపెనీకి అప్పగించబడింది. అబూ-లుఘోద్ 1971లో కైరోపై వెలువరించిన బృహద్గ్రంథం ఆ పాలనలో తలెత్తిన క్రొత్త నగరానికి, తూర్పున మిగిలిపోయిన పాత నగరానికి మధ్య ఏర్పడిన అగాధాన్ని విపులంగా చూపుతుంది. 1980లో రబాత్‌పై వ్రాసిన గ్రంథంలో ఆమె ఇంకా ముందుకు పోయి, మొరాకోలో ఫ్రెంచివారు చేసినదానిని నగర వర్ణభేద విధానమని పేరుపెట్టి మరీ పిలిచినది. 1912లో రెసిడెంట్ జనరల్‌గా వచ్చిన లియోటే, ఆయన నియమించిన వాస్తుకారుడు ఆన్రి ప్రోస్ట్ కలిసి పాత మదీనాను ముట్టకూడదన్నారు, దాని ప్రాచీన సౌందర్యాన్ని కాపాడాలన్నారు. వినడానికి ఎంత గౌరవంగా ఉన్నదో! ఆ గౌరవం మాటున క్రొత్త వీధులు, గొట్టాలు, వెలుతురు యూరోపియనుల నగరానికి పోయినవి. పల్లెలనుంచి వచ్చి చేరే బీదజనం మాత్రం మదీనాలోను, ఊరి వెలుపలి రేకుల గుడిసెలలోను ఇరుక్కున్నారు.

ఇక్కడే ఒక విషయం విమర్శకు వస్తుంది. 'ఇస్లామీయ నగరం ఇట్లే ఉంటుంది, దానిని మార్చరాదు' అన్న భావన పండితుల గోష్ఠిలోనే నిలిచిపోలేదు. మార్సే సోదరుల తరంలోనే ఉత్తర ఆఫ్రికాలో ప్రభుత్వ ధనాన్ని ఎక్కడ ఖర్చు చేయనక్కరలేదో నిర్ణయించే సాకుగా అది పనిచేసింది. ఈ రెంటినీ ముడివేయడానికి అబూ-లుఘోద్ కంటె అర్హులు లేరు. రబాత్ గ్రంథం ఆమెదే, ఏడేండ్ల తరువాతి వ్యాసమూ ఆమెదే. అయినా రబాత్‌లో అడిగిన ప్రశ్న, నీళ్ళ గొట్టం ఏ వీధి మొగలో ఆగిపోయిందన్న ప్రశ్న, వ్యాసంలోని మూడు అంశాలలోకి రాలేదు.

ఉత్తర ఆఫ్రికా గొలుసులో చేరని నగరాలలో హైదరాబాదు ఒకటి. సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇటువంటి నగరమే తగినది. 1591లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా స్థాపించిన ఈ నగరం వంకర సందుల కూడలిగా పుట్టలేదు. చార్మినారు వద్ద నాలుగు రాజమార్గాలు కలిసే ప్రణాళికతో, చార్ కమాన్ నడుమ హౌజుతో పుట్టింది. నేడు గుల్జార్ హౌజ్ అని పిలిచేది దానినే. నగరానికి ముందే, 1562 ప్రాంతంలో, హుస్సేన్‌సాగర్ ఏర్పడింది. 19వ శతాబ్దం తొలి దశకంలో దివాన్ మీర్ ఆలం పేర నిర్మితమైన చెరువు కట్ట ఇంజనీర్లు నేటికీ చూడవచ్చే విశేషం. 21 అర్ధవృత్తపు కమానులను వరుసగా నిలిపి నీటి ఒత్తిడిని ఆపిన కట్టడం అది. ప్రజలు మాత్రం బావులపైన, భిష్తీల మష్కులపైన ఆధారపడేవారు. ముహర్రం దినాలలో కర్బలా దప్పికను తలచుకొని వీధివీధినా పెట్టే సబీళ్ళు ఈ నగరపు ఆచారంలో భాగమైనవి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. మృతుల సంఖ్య పదిహేను వేలని సామాన్యంగా చెప్పే అంచనా. మరుసటి సంవత్సరం వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన రెండు జలాశయాలను సూచించినారు. మురుగునీటి ఏర్పాట్లు కూడా ఆయన సిఫారసులలో ఉన్నవి. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. వరదను ఆపడానికి కట్టిన ఆనకట్టలే నగరానికి మంచినీటి ఆధారమైనవి. 1912లో ఏర్పడిన మజ్లిసె ఆరాయిషె బల్దా ఇరుకు బస్తీలను తొలగించింది, వీధులు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ రాతి బజారు కట్టింది, తక్కువ ఆదాయం గలవారికి వరుస ఇళ్ళు నిర్మించింది. 1898లో బొంబాయిలో ప్లేగు తరువాత పుట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టినదానికంటె కూల్చినదే ఎక్కువన్న అపకీర్తి తెచ్చుకున్నది. హైదరాబాదు మజ్లిస్‌ను ఆ గాటన కట్టడం న్యాయం కాదు. 2015లో వెలువడిన ఎరిక్ లూయిస్ బెవర్లీ గ్రంథం హైదరాబాదును బ్రిటిషు ఇండియా నీడగా కాక, ముస్లిం ప్రపంచ సంబంధాలు గల రాజ్యంగా చూపి ఈ నగర నిర్మాణానికి తగిన స్థానమిచ్చింది.

పాశ్చాత్యుల పాత సిద్ధాంతం ఇక్కడ పూర్తిగా వీగిపోతుంది. ముస్లిం రాజ్యంలో, ముస్లిం పాలకుని ఫర్మానాతో, ఒక హిందూ ఇంజనీరు ప్రణాళికపై, ఆధునిక జల వ్యవస్థ ఒకటి ఏర్పడింది. నగర రూపం దానికి అడ్డు రాలేదు. అయితే స్వజనాభిమానులు ఇక్కడ ఆగి సంతోషించడం తగదు. గండిపేట నీరు వాలు కాలువలో ఆసిఫ్‌నగర్ వడపోత తొట్లకు, అక్కడినుంచి గొట్టాలలో దేవిడీలకు, బంగళాలకు నల్లాల రూపంలో చేరింది. కిరాయి గదుల వాకిటికి అది వీధి నల్లాగా చేరింది. హిదాయా చెప్పిన కాలువ, కుండల భేదమే ఇనుప గొట్టాలలో మళ్ళీ అవతరించింది. అదే కాలంలో అధికారమూ ఐశ్వర్యమూ నది దాటి ఉత్తరానికి తరలినవి. ఏడవ నిజాం కింగ్ కోఠీలో ఉన్నాడు. 1930లలో బంజారాహిల్స్‌పై ఇళ్ళు లేచినవి. నది దక్షిణాన జనం మిగిలింది. ఫిర్యాదు చేస్తే వినిపించుకునే పొరుగువాడు మాత్రం వెళ్ళిపోయినాడు. నగర సదుపాయాల చరిత్రలో ఈ వలస ఏ శాసనం కంటెను తక్కువైనది కాదు.

1948, 1956ల రాజకీయ పరివర్తనల తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1965లో మంజీరా నీరు, 2004 మొదలు మూడు దశలుగా కృష్ణా నీరు, 2015లో గోదావరి నీరు నగరానికి వచ్చినవి. 1989లో నీటికి, మురుగునీటికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. వాలున దిగివచ్చే గండిపేట నీటికి బదులు వంద కిలోమీటర్లకు పైబడిన దూరంనుంచి విద్యుత్తుతో ఎత్తిపోసే నీరు ప్రధానాధారమైనది. ఇంత దూరంనుంచి తెచ్చిన నీరు ఇంటి గడప వద్దకు వచ్చేసరికి ఏమవుతున్నదో 2009 మే నెలలో భోలక్‌పూర్ చూపించింది. ముస్లిం శ్రామికులు అధికంగా ఉండి, తోళ్ళ వ్యాపారం సాగే ఆ బస్తీలో కలుషితమైన నల్లా నీరు త్రాగి పదిమందికి పైగా మరణించినారు. భోలక్‌పూర్ పాత నగరంలో లేదు, ముషీరాబాదు ప్రక్కన ఉన్నది. 'పాత నగరం ఇరుకైనది, అందుకే అక్కడ సదుపాయాలు కల్పించలేము' అన్న అలవాటైన సమాధానం ఈ బస్తీకి వర్తించదు. 2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగి హాఫిజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళు మునిగినవి. ఒకప్పుడు నీటి ఆధారాలైన చెరువుల చుట్టూ, వాటి దిగువన, వేరొక చోట స్థలం కొనుక్కోలేనివారు ఇళ్ళు కట్టుకున్నారు. ఇందులో ఇస్లామీయమైనది గాని, ఇస్లామేతరమైనది గాని ఏమీ లేదు. భూమి ధర ఉన్నది.

2021 జనవరిలో హైదరాబాదులో గృహ కనెక్షనుకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితమైనది. బీదలకు నిస్సందేహంగా ఇది మేలు. విమర్శ చేయవలసినది దాని ఉదారతను కాదు, దాని ప్రాతిపదికను. హక్కు ఇక్కడ కనెక్షనుకు చెందుతుంది. కనెక్షన్ ఇంటికి చెందుతుంది, ఇల్లు యజమానికి చెందుతుంది. ఒక ఇంటిని నాలుగు పోర్షన్లుగా చేసి కిరాయికి ఇచ్చినచోట ఆ 20,000 లీటర్లు నలుగురివీ అవుతవి, వాటి పంపకం యజమాని దయ మీద ఉంటుంది. కనెక్షన్ లేని గుడిసెవానికి ట్యాంకరే గతి. ఫిఖ్హ్‌లోని షఫా హక్కు మనిషి గొంతును చూసి ఇచ్చినది. అతడు ముస్లిమా కాదా, ఆ ఊరివాడా బాటసారా, ఇల్లున్నదా లేదా అని అది అడుగదు. నేటి విధానంలో సరుకు పెరిగింది, గొంతు కనిపించడం మానేసింది. వీధి నల్లాలను తీసివేసి ఇంటి కనెక్షన్లు పెంచడమే అభివృద్ధిగా లెక్కించే నగరపాలకులు ఈ భేదాన్ని గమనించడం లేదు.

పాత కుండ హక్కును పునరుద్ధరించాలన్నది ఇక్కడ వాదం కాదు. కుండను మోసిన స్త్రీల నడుములు ఆ హక్కుకు ఎంత వెల చెల్లించినవో పైన చెప్పినదే. ఫుఖహా బావిని, వాటాకాలువను దృష్టిలో ఉంచుకొని చేసిన విభజన, ప్రజల పన్నులతో వేసిన గొట్టానికి వర్తించనక్కరలేదు. షిర్బ్‌ను యజమాని అనుమతికి కట్టిపెట్టినది, బావిని త్రవ్వినది యజమాని గనుక. కృష్ణా గొట్టాన్ని త్రవ్వినది ఎవరు? ఇజ్తిహాద్‌ను గూర్చి తరచు ప్రసంగించే విద్వాంసులు ఈ ఒక్క మస్‌అలాను చేపట్టినా నగర ధర్మశాస్త్రంలో ఒక క్రొత్త అధ్యాయం ఆరంభమవుతుంది. వక్ఫు భూముల వివాదాలపై వస్తున్న గ్రంథాలకు లెక్కలేదు. వక్ఫునామాలలో నీటికి వ్రాసిన షరతులపై దృష్టి నిలిపినవి అరుదు.

అబూ-లుఘోద్ తన వ్యాసం చివర సమకాలీన అరబ్బు నగర నిర్మాతలవైపు తిరిగి, ఇస్లామీయ నగరాన్ని నేడు మళ్ళీ కట్టగలమా అని విచారించినది. నగరం ఒక ప్రక్రియ అని నమ్మిన ఆమె, కమానులు అతికించి పాత నగరాన్ని తిరిగి తేవచ్చుననే ఆశను ప్రోత్సహించలేదు. ఆ మూడు అంశాలకు నాల్గవదిగా నీటి పంపకాన్ని చేర్చితే ఆమె ప్రశ్నకు కొంత గట్టి సమాధానం దొరకుతుంది. అందుకు కావలసిన సామగ్రి ఫెజ్‌లోనే లేదు. ఆరాయిషె బల్దా ఉర్దూ నివేదికలలోను, బల్దియా రికార్డులలోను, దేవిడీల పాత కాగితాలలోను వెతకవలసి ఉన్నది. మసీదు మీనారు ఎత్తు ఎంతో ఇప్పటికే కొలిచినారు. ఏ మొహల్లాలో ఎన్ని ఇళ్ళకు నల్లా పెట్టినారు, ఎన్ని ఇళ్ళకు కలిపి ఒక వీధి నల్లా వదిలినారు, అది రోజుకు ఎన్ని గంటలు పారింది అన్న లెక్కను ఆ కాగితాలలోనుంచి తీయవలసి ఉన్నది.